అమ్మ చెవికి చేసిన కొమ్ము

అన్నయ్యకు,

నువ్వు పంపిన కొమ్ముల్లో అన్నిటికన్నా పెద్దది వేటగాడు తుపాకిమందు పోసుకోవడానికని చెప్పావు. అది అతనికి ఇవ్వలేను. ఇంకొకటి చేసి పంపుతాను, నువ్వే కాస్త సర్దిచెప్పు.

అమ్మకు వినికిడి బాగా తగ్గిపోయింది. పొద్దస్తమానం అరిచి అరిచి నా గొంతు పోయింది. అందుకే ఆ కొమ్మును ఉడకబెట్టి, లోపలి ఎముక లాగేసి, వెలుతురు కనిపించేంత పలచగా గాజుపెంకుతో గీకాను. ఇల్లంతా కంపు. చేతులు పైకి లేవడం లేదు. సన్నటి కొన కోసి, నున్నగా చేసి అమ్మ చెవిలో పెట్టాను. వెడల్పు వైపు నోరు పెట్టి, "అమ్మా, తిన్నావా?" అన్నాను, మామూలుగానే.

అమ్మ ఉలిక్కిపడి నా మొహంలోకి చూసింది. "నామీద కోపం తగ్గిందా తల్లీ?" అంది.

ఇన్నాళ్లూ నా మాట ఆమెకు వినిపించలేదు అన్నయ్యా, అరిచే మొహం ఒక్కటే కనిపించింది.

"కోపం ఎప్పుడూ లేదమ్మా. అలిసిపోయానంతే," అని కొమ్ములోకి చెప్పాను.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా! పోయి పడుకో," అంది.

చేతిలో పని అక్కడే వదిలేసి, ఆమె పక్కనే పడుకున్నాను. ఇప్పుడే లేచాను.

నీ చెల్లి