నాయనమ్మ కాశీకి పోలేదు

కాశిబుగ్గ,
12-8-1981

ప్రియమైన అనసూయక్కకు,

ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగిపోయాను. నీ దగ్గర దాచి ఏం లాభం? సారల రోజూ బడి వేళకు కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. తిన్నదంతా కక్కేస్తోంది. చేతులు చల్లబడతాయి. దవాఖానలో చూపిస్తే కడుపులో ఏ రోగమూ లేదని టానిక్ రాసిచ్చారు. మీ మరిది మొదట్లో బతిమాలారు, మొన్న చెయ్యి చేసుకున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల, దెబ్బలు తింటూ కూడా నా కొంగు వదల్లేదు.

ఇదంతా మా అత్తమ్మ పోయినప్పటి నుంచే. ఆ రోజు సారల బడిలో ఉంది. అటునుంచి అటే పాలకుర్తికి, నీ దగ్గరికి పంపించాం. దినాలు అయ్యాక వచ్చి "నాయనమ్మేది?" అంటే కాశీకి పోయిందని చెప్పాను. పసిదాని మనసు బెదరకూడదని నువ్వూ నేనూ మీ మరిదీ అనుకున్న మాటే కదా. పుట్టినప్పటి నుంచి నాయనమ్మ పక్కలో పడుకున్న పిల్ల, ఒక్కసారి కూడా ఏడవలేదు. అప్పుడు గండం గడిచిందనుకున్నాను. ఇప్పుడు అదే నన్ను భయపెడుతోంది. ఇక దాచలేను, రేపు చెప్పేస్తాను. కోప్పడకు.

నీ చెల్లె,
కళావతి


కాశిబుగ్గ,
20-9-1981

అక్కా,

జవాబు ఆలస్యమైంది. నీకు ఉత్తరం రాసిన మర్నాడే సారలను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నాయనమ్మ కాశీకి పోలేదు బిడ్డా, సచ్చిపోయింది" అన్నాను.

"నాకెర్కనే అమ్మా" అంది. పక్కింటి చిలుకమ్మవ్వ ఎవరితోనో అంటుంటే విన్నదట.

"మరి ఇన్ని దినాలు నన్నెందుకు అడగలేదే?"

"మీరే చెప్తరేమోనని చూసిన. నేను బడికి పోయినంక నువ్వు సచ్చిపోయినా బాపు నాకు గట్లనే చెప్తడు గద. అందుకే ఇంట్లనే ఉండి నిన్ను చూసుకుంటాన."

దుకాణానికి బయల్దేరిన మీ మరిది గడపలోనే ఆగిపోయారు. వెనక్కి వచ్చి దాని ముందు కూలబడ్డారు. "తప్పయింది బిడ్డా. ఇగ ఏదైనా సరే, నీకు చెప్తం" అన్నారు. కన్నతల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, కూతురి భుజం మీద తలపెట్టి ఏడ్చారు. అప్పుడు ఏడ్చింది సారల.

మర్నాటికే అంతా నయమైందనుకోకు. వారం రోజులు సాయంత్రం దాకా బడి మెట్ల మీద కూర్చున్నాను. తర్వాత మధ్యాహ్నం గంట దాకా. ఇప్పుడు గేటు దగ్గర వదిలి వస్తున్నాను. కడుపునొప్పి అంటే ఉత్తదే అనడం మానేశాం. "భయమైతాందా? జరసేపు కూసుందాం, నా చెయ్యి పట్టుకో" అంటారు మీ మరిది. ఇంకా ఒక్కోనాడు కక్కుతుంది. నోరు కడుక్కుని పోతుంది.

నీ ఆపరేషన్ సంగతి దానికి చెప్పొద్దని రాశావు. చెప్పాను అక్కా.

"పెద్దమ్మ గూడ సచ్చిపోతదా?" అని అడిగింది.

"మంచిగైతదని డాక్టర్లు అన్నరు. నాకు గూడ భయంగనే ఉంది" అన్నాను.

చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి సంచి భుజాన వేసుకుంటూ, "ఏ రోజు?" అంది.

"బేస్తవారం."

"ఆ రోజు బడి నుంచి వచ్చినంక చెప్పు. మంచిగున్నా, లేకున్నా" అని చెప్పి, ఒక్కతే బడికి పోయింది.

నీ గురించే తలుచుకుంటూ,
కళావతి