ధర్నాల కాలవెట్టిన ఇంగ్లీషు గైడు

భూమేశ్,

అన్నం, పప్పు పొయ్యి పక్కన పెట్టిన. నాయినకు బట్ట నేసే సాంచెల కాడికి సద్ది తీస్కపో, మర్చిపోకు.

నా ఇంగ్లీషు గైడు విజయవాడల అచ్చయిందని నిన్న తెలంగాణ ధర్నాల కాలవెట్టినవట. థూ! విజయవాడది ఉత్త కాయితమే. అంచులపొంటి పెన్నుతోటి అర్థాలు రాసుకున్నది నేను, రెండేండ్లు కూసోని. మానవహారంల నీకన్న ముందు నేను నిలవడలేదా? నాకు తెలంగాణ వద్దా?

ఆదివారమే బ్యాంకు పరీక్ష. నా దోస్తు రజిత గైడు చూసి ఇడియమ్స్ అన్ని మళ్ల ఎక్కించుకోను పోతున్న. పొద్దుగూకినంక వస్త. వచ్చినంక నాతోటి మాట్లాడకు. నీ మొఖం చూడబుద్ధయితలేదు.

అక్క

గైడు కాలవెడ్తుంటె చెయ్యి కాలిందట గద. గూట్ల మలాం పెట్టిన. అది గూడ విజయవాడల తయారైందే. కాలవెట్టకు, పూసుకో.