ప్రశాంత్ మోకాలి సంగతి

నాగపూర్,
గురువారం పొద్దున.

స్వరూపక్కకు,

తమ్ముడు సదానందం దండం పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగున్నాను. మామూలుగా అయితే ‘మేమిద్దరం బాగున్నాం’ అని రాసేవాణ్ని. ప్రశాంత్ గురించి వేరుగా రాయాల్సి ఉంది కాబట్టి నా ఒక్కడి మాటే రాశాను. నువ్వు, కనకయ్య బావ ఎట్లున్నారు? చిన్నమ్మకు కంటి చుక్కలు వేళకు వేస్తున్నారా? నీ బీపీ గోలీలు ఆపలేదనే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. లోకో షెడ్డులో బావతో పనిచేసే యాదగిరి తన బిడ్డను చూసిపోదామని ఇక్కడికి వచ్చాడు, రేపు కాజీపేటకు తిరిగి వస్తున్నాడు. ఆయన చేతికి ఇస్తున్నాను. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, చివరి ఆట ముగిసినప్పటి నుంచి నీ కొడుకు ప్రశాంత్ నా గదిలోనే ఉంటున్నాడు. నేను నీతో మాట్లాడుతున్నంతసేపూ వాడు నా మొహమే చూస్తుంటాడు. జర నిదానంగా, చివరిదాకా చదువు.

ముందు ఇక్కడి సంగతులు. చలి ముదిరింది. పొద్దున స్వెట్టర్ లేకుండా బయటికి పోలేం. టిఫిన్‌కు అటుకుల మీద శనగల పులుసు పోసి ఇస్తారు, అలవాటైంది. అన్నం దొరుకుతుంది కానీ పచ్చిపులుసు దొరకదు. హనుమకొండలో మా పేపర్ ఆఫీసు మూసేసినప్పుడు, ఈ వయసులో కబడ్డీ టీంకు ప్రెస్ నోట్లు రాసే కొలువు చేస్తానని అనుకోలేదు. గెలిస్తే ఒక తీరు, ఓడితే ఒక తీరు. రెండింటికీ మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి, పేర్లు, స్కోరు మారిస్తే చాలు. ఆదివారాలు మాత్రం గడవవు. మన మాట మాట్లాడే మనిషి టీంలో ప్రశాంత్ ఒక్కడే. వీడు బస్సులో, హోటల్లో కుర్రాళ్లతో ఉండేవాడు. వాళ్లు వీడిని పేరుతో పిలవరు, ‘ఏ వరంగల్’ అంటారు. కాజీపేట అని వీడు ఎన్నిసార్లు చెప్పినా వినరు.

సీజన్ ఎట్లా నడిచిందో నువ్వు టీవీలో చూశావు. టీవీలో కనిపించనివి కూడా కలిపి రాస్తున్నాను.

మొదట్లో వరుసగా ఓడాం. పెద్ద పేరున్న రైడర్ భుజం పట్టేసి కూర్చున్నాడు. పట్టికలో అందరికన్నా కింద మేమే. ప్రశాంత్ బెంచీ మీద ఉండేవాడు. దసరాకు ముందు, ప్రాక్టీసులో, మ్యాట్ మీద మళ్లుతుంటే వాడి కుడికాలు అంటుకుపోయింది. మోకాలు తిరిగింది. లోపల టక్కుమని చప్పుడైందట. పక్కనున్న వాడు అడిగితే ‘బూటు చప్పుడు’ అన్నాడట. టీం డాక్టర్‌కు చెప్పలేదు. చెబితే స్కానింగుకు పంపుతారు, స్కానింగులో ఏదైనా కనిపిస్తే వాడి చోట్లో ఇంకొకణ్ని తెచ్చుకుంటారు. సీజన్ మధ్యలో అట్లా ఇద్దరు సంచి సర్దుకుని పోవడం వాడు చూశాడు.

పండుగకు సెలవిచ్చారు. ఇంటికి వచ్చాడు. ఆ తర్వాతిది నాకంటే నీకే బాగా తెలుసు. మోకాలు బెణికిందని నీతో అన్నాడు. వాపు చూసి నువ్వు భయపడ్డావు. ధర్మసాగర్ అవతల కట్టు కట్టే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయావు. ఆయన తైలం రాసి, కాలు గుంజి, పసరు పట్టించి, బద్దలు పెట్టి కట్టు కట్టాడు. వాడు ఇక్కడికి ఫోన్ చేసి జ్వరమని చెప్పి ఇంకొన్ని రోజులు ఆగాడు. రెండో కట్టు కూడా పడింది. వాపు తీసింది. కుంటకుండా నడిచాడు. బావ కోడిని కోశాడు.

వచ్చాక వాడు ఆడిన ఆట నువ్వు చూశావు. కూతకు పోతే ఒట్టిచేతులతో తిరిగి రాలేదు. వరుసగా గెలిచాం. అట్టడుగు నుంచి ఆరో చోటు అందే దాకా పైకి వచ్చాం, ఆరో చోటు దక్కితేనే ముందు రౌండు. కాజీపేట చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారని బావ ఫొటో పంపాడు. సికింద్రాబాద్‌లో రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్ ఉందని, ఈ ఆట చూశాక ఇక నౌకరీ వచ్చినట్టేనని షెడ్డు అంతా అంటున్నారని చెప్పాడు. ఆ రోజుల్లో వాడు ఆట కాగానే గదికి పోయి మోకాలికి ఐసు పెట్టుకునేవాడు. మోకాలి క్యాప్ ఎందుకని కోచ్ అడిగితే ‘ఆదత్ హై సర్’, అలవాటు అనేవాడు.

కోచ్ హర్యానా మనిషి. చెడ్డవాడేం కాదు. చివరి మ్యాచ్‌కు ముందు వాడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని దిగడం ఆయన చూశాడు, నేనూ అక్కడే ఉన్నాను.

“ఖేలేగా?” అన్నాడు కోచ్, ఆడతావా అని.

“ఖేలూంగా సర్.”

“పక్కా?”

“పక్కా.”

ఇంకేం అడగలేదు. ఆయనకు పాయింట్లు కావాలి. వీడికి ఆట కావాలి.

ఆ మ్యాచ్ గెలిస్తే ఆరో స్థానం, ఓడితే ఏడు. వీడిని అవతలి టీం డిఫెండర్ మడమ పట్టి గుంజాడని, వాడి వల్లే కాలు పోయిందని మనవైపు అందరూ తిడుతున్నారట. నేను ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశాను. ఎవరి చెయ్యీ పడలేదు. బోనస్ గీత దాటి వెనక్కి మళ్లుతుంటే మోకాలు దానంతటదే లోపలికి తిరిగింది. పడ్డాక మీద పడ్డారు. కింద పడి కూడా కూత ఆపలేదు. నడిగీత వైపు చెయ్యి చాచాడు. అందలేదు. తక్కువ తేడాతో ఓడాం. ఏడో స్థానం.

ఆ సాయంత్రం ప్రెస్ నోటులో ‘స్వల్ప గాయం’ అని రాయమని మేనేజర్ అన్నాడు. డాక్టర్ చూడకముందు అది స్వల్పమో కాదో నాకు తెలియదన్నాను. ‘గాయం’ అని మాత్రం రాశాను.

మర్నాడు స్కానింగ్ తీశారు. నేను పక్కనే ఉన్నాను. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే పట్టీ మోకాలి లోపల ఒకటి ఉంటుంది. అది పూర్తిగా తెగింది. ఎముకల మధ్య మెత్తగా ఉండే గుజ్జు కూడా చీలింది. పట్టీ తెగడం కొత్తది కాదు, వారాల కిందటే కొంత తెగి ఉంది, దాని మీదే ఆడాడు. గుజ్జు చీలడం మాత్రం కొత్తది.

“ఇంతకుముందు ఎప్పుడైనా వాచిందా?” అని డాక్టర్ అడిగాడు.

“లేదు సర్,” అన్నాడు నీ కొడుకు, నా మొహం చూడకుండా.

ఆపరేషన్ చేయాలన్నారు. చేస్తే నడకకు, మామూలు పనులకు ఢోకా ఉండదు. ఆట మాట ఏడాది పోయాక చూద్దాం అన్నారు, దానికీ హామీ ఏం లేదు. చేయకపోతే ఆ మోకాలు అట్లాగే జారుతూ ఉంటుంది, గుజ్జు అరిగిపోతుంది, ముప్పై దాటేసరికి మెట్లు ఎక్కడం కష్టమవుతుంది. ఆపరేషన్ భారం టీం బీమా చూసుకుంటుంది, కానీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. వచ్చే సీజన్‌కు ఉంచుకునేవాళ్ల పేర్లు చదివారు. అందులో వాడి పేరు లేదు.

కాగితం మీద సంతకం పెట్టమంటే వాడు పెట్టలేదు. ఇంటికి పోతానంటాడు. భయపడుతున్నాడనుకున్నాను. గదికి వచ్చాక గట్టిగా అడిగితే దసరా సంగతంతా అప్పుడు చెప్పాడు.

“ఆపరేషన్ ఎందుకు వద్దంటున్నవురా?” అన్నాను.

“అమ్మకు తెలుస్తది మామా.”

“తెలిస్తే?”

“కట్టు కట్టించింది నేనే గదా, నేనే బిడ్డ కాలు తీసిన అని కూసుంటది. తిండి బంద్ పెడ్తది. నాయిన ఊకుంటడా? జిందగీ అంత అంటనే ఉంటడు. కట్టుతోని తక్కువైందనే ఉండనీ. మళ్ల ఆడంగ కొత్తగ దెబ్బ తాకిందని చెప్పు.”

“మరి కాలు?”

“కాలుదేముంది. ట్రయల్ అయితే పోయిందాయె.”

నిన్న ఫోన్లో నువ్వేమన్నావో నీకు గుర్తుండే ఉంటుంది. “ఆ కోతలు కొయ్యనియ్యకు తమ్మీ. ఇంకో రెండు కట్లు పడితే లేచి నిలబడ్తడు. మీ బావ చెయ్యి అతుకలేదా? తోలియ్యి వాన్ని, ఫికర్ జెయ్యకు.” ఫోన్ స్పీకర్‌లో ఉంది. వాడు విన్నాడు. “చూసినవా, అమ్మ సుత గదే అంటున్నది” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వాడు చెప్పొద్దన్నది నేను నీకు రాస్తున్నాను. తెలిశాక వాడికి నా మీద కోపం వస్తుంది. రానీ.

అక్కా, నాకు తెలిసినంత వరకు జరిగింది ఇది. పట్టీ మొదట తెగింది ఇక్కడ, మ్యాట్ మీద, వాడు ఇంటికి రాకముందే. నువ్వు కట్టు కట్టించడం వల్ల తెగలేదు. ఈ మాట డాక్టర్‌ను వేరుగా అడిగి తెలుసుకున్నాను. అట్లాంటి వాపు కట్టు కట్టినా కట్టకున్నా రెండు మూడు వారాల్లో దానంతటదే తీస్తుందట. వాపు తీసింది కాబట్టి నయమైందని మీరంతా అనుకున్నారు, వాడూ అనుకున్నాడు. అందువల్ల ఆలస్యమైంది, ఆ ఆలస్యంలో వాడు ఆడాడు, ఆడడం వల్ల పట్టీ పూర్తిగా తెగింది, గుజ్జు చీలింది. ఆ ఆలస్యంలో నీ పాలు ఉంది. దాచిన వాడి పాలు ఉంది. చూసి కూడా ఆడించిన కోచ్ పాలు ఉంది. నీకు లేదని నేను రాస్తే, రేపు ఇంకెవరో చెప్పినప్పుడు నా మాట మొత్తం అబద్ధమవుతుంది. అందుకని ఉన్నంతే రాశాను.

ఆ పెద్దమనిషిని కూడా తిట్టకండి. ఆయన ఎముకలు చూసేవాడు. బావ చెయ్యి ఎముక, అతికింది. వీడిది ఎముక సంగతి కాదని చేత్తో తడిమితే తెలియదు. కానీ ఇంకో కట్టు వద్దు. ఇంకోసారి ఆ కాలును ఎవరూ గుంజొద్దు.

బావా, ఈ ముక్క నీకు. ఉత్తరం నువ్వు కూడా చదువుతావని తెలిసే రాస్తున్నాను. ఆ రోజు బండి మీద వాళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుని ధర్మసాగర్ దాటించింది నువ్వు. ప్రశాంత్ చెప్పాడు. అక్కను ఒక్క మాట అనేముందు అది గుర్తు చేసుకో. ట్రయల్‌కు వాడు రాడు. షెడ్డులో అడిగితే కాలికి ఆపరేషన్ అని చెప్పు. అంతకంటే ఎక్కువ చెప్పే పని లేదు. ఫ్లెక్సీ ఇంకా ఉంటే తీసేయించు, వాడు ఇంటికి వచ్చేది ఆ చౌరస్తా మీదుగానే.

అక్కా, ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒక్కటే. వాడు నీ మాట కోసం ఆగి ఉన్నాడు. నేను చెప్పినా, డాక్టర్ చెప్పినా సంతకం పెట్టడు. ఆదివారం పొద్దున నేను చాయ్‌కి బయటికి పోతాను, ఫోన్ గదిలో వాడి దగ్గరే పెట్టిపోతాను. అప్పుడు ఫోన్ చేయి. నాకంతా తెలుసు, ఆపరేషన్ చేయించుకో బిడ్డా అని చెప్పు. ఏడుపు వస్తే ముందు ఏడ్చి, ఆ తర్వాత చేయి. ‘నా వల్లే’ అనే మాట మాత్రం తేవద్దు. తెస్తే వాడు మళ్లీ నిన్ను ఓదార్చే పనిలో పడతాడు, కాలు మరిచిపోతాడు.

యాదగిరి బిడ్డ ఇంటి నుంచి నారింజలు తెస్తున్నాడు, అందులో సగం చిన్నమ్మకు ఇయ్యి. నాకు చింతకాయ తొక్కు, పల్లికారం కావాలి. వాడికి ఏం కావాలో అడిగితే ఏం వద్దంటాడు. వాడి పాత లుంగీలు తెండి, దవాఖానలో ప్యాంటు వేసుకోలేడు.

చిన్నమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. ఆమెకు మోకాలి సంగతంతా చెప్పొద్దు, వాడి పేరు మీద దీవించమను చాలు. నేను ధైర్యంగానే ఉన్నాను, నా గురించి ఫికర్ చేయకండి.

‘తెండి’ అని ఎందుకు రాశానంటే, కాజీపేటలో పొద్దున ఎక్కితే సాయంత్రానికి నాగపూర్‌లో దిగే బండి సంగతి బావకు తెలుసు. పాస్ మీద ఇద్దరూ రావచ్చు. ఇద్దరూ రండి.

నీ తమ్ముడు,
సదానందం