డిప్రెషన్ ఎప్పుడు తీరం దాటుతుంది

జూన్ 4
మా ఆయనకి డిప్రెషన్‌లా ఉందన్నారు డాక్టరు. పేరంటూ ఒకటి దొరికింది, అదే పదివేలు. రెండు నెలలుగా గొడుగుల రిపేరు ముట్టలేదాయన. విరిగిన చువ్వలు బల్ల మీద అలాగే పడున్నాయి. తిన్నారా అంటే ఊ. పడుకుంటారా అంటే ఊ.
అత్తయ్యకి చెప్పాను. టీవీలో వాన కబురు విని షాపుకి సరుకు దింపించేది ఆవిడే. డిప్రెషనా, ఎప్పుడు తీరం దాటుతుందట అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

జూన్ 5
ఎండ. బేరాల్లేవు.

జూన్ 7, మధ్యాహ్నం
బటన్ గొడుగుల పెట్టె విప్పితే లోపల కాగితం మీద ‘డిప్రెస్ బటన్ టు ఓపెన్’ అని ఉంది. ఇక్కడా అదే మాట. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడం గొడుక్కోసం వస్తే అడిగాను. డిప్రెస్ అంటే కిందికి నొక్కడమేనమ్మా, పాత లాటిన్ మాట, మనసుకీ వానకీ తర్వాత అంటగట్టారు అంది. మరి వానకైతే గాలి ఒత్తిడి తగ్గడం, మనిషికైతే బరువు మీద పడటం, రెంటికీ ఒకటే మాటేంటి మేడం అన్నాను. ఆవిడ ఆలోచిస్తూ గొడుగు కొనకుండానే వెళ్లిపోయింది. నోరుంది కదా అని బేరం పోగొట్టుకున్నా.
గొడుగు నొక్కితే తెరుచుకుంటుంది. ఈయన్ని నొక్కేకొద్దీ మూసుకుపోతున్నారు. నొక్కేదెవరు? ఏమైంది ఏమైంది అని పొద్దస్తమానం నేనే.

జూన్ 11
మళ్లీ ఆస్పత్రి. నిద్ర పడుతోందా అని ఆయన్ని అడిగితే నేను చెప్పాను. ఆకలుందా అంటే అదీ నేనే. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, అమ్మా, జబ్బు మీకా ఆయనకా అన్నారు. సిగ్గుతో చచ్చాను. ఆయన నోటితో ఆయన చెప్తే తప్ప మందు తేల్చలేనన్నారు. వచ్చేసారి నన్ను బయట కూర్చోమన్నారు.

జూన్ 12
ఇక రానన్నారు ఈయన. చెప్పడానికేముంది అన్నారు. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. నాకు చెప్పడానికి లక్ష ఉన్నాయి. చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదంటుంది అత్తయ్య. నిన్నట్నుంచీ నానబెడుతున్నా.

జూన్ 13
కడుపుబ్బిపోతోంది.

జూన్ 14, సాయంత్రం
ఒంట్లో బాలేదా, మాట్లాడవేం అన్నారు. రెండు నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి మాట. బాగానే ఉన్నానండీ అని ఊరుకున్నా. ఆయన నేల చూస్తూ, నాకే బాలేదు అన్నారు.

జూన్ 18, 10.40
ఆస్పత్రి బెంచీ మీద ఉన్నా. తలుపు మూసుంది. లోపల ఆయన గొంతు. ఏమంటున్నారో తెలీదు. ఇరవై నిమిషాలుగా ఆగలేదు.