అమ్మను సాక్ష్యానికి లేవనివ్వకు

పుణె, 12-12-2017

ప్రిస్కిల్లా అక్కా, బతికే ఉన్నాను, కంగారుపడకు. ఫోను పగిలింది, అందుకే కార్డు.

ఫిబ్రవరిలో ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన పోటీలో నేను రెండో స్థానంలో వచ్చానని అమ్మ రాజాం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యం చెప్పింది కదా. "ఈపాలి మావోడికి ఒకటో ప్రైజే వస్తాది" అని కూడా అనేసింది. తర్వాతి రెండు పోటీల్లో కొండ పరుగు దగ్గర వెనకబడ్డాను. మొన్న ఆదివారం ఈ ఏటి ఆఖరి పోటీ. చెరువు ఈది అందరికంటే ముందు ఒడ్డెక్కాను. అడవి బాటలో సైకిలు బండ మీద జారి ఎడమ భుజం విరిగింది. శుక్రవారం ఆపరేషన్.

నాన్న షుగరు మాత్రలు మానలేదు కదా? నా పాత సైకిలు బావను తీసుకోమను. పాస్టరుగారికి వందనాలు.

క్రిస్మస్‌కి అమ్మను సాక్ష్యానికి లేవనివ్వకు. ప్రార్థన మనవుల్లో నా పేరు ఇవ్వమను. ప్రైజు కోసం కాదక్కా, చెయ్యి పైకి లేవడం లేదు.

నీ తమ్ముడు
శాంతికుమార్