ఒకటి, నాలుగు, ఒకటి, నాలుగు

అమ్మకు, నీ చిన్నది నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అక్కా, పసివాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తింటున్నావా అని అడిగావు. ఆసుపత్రి క్యాంటీనులో రెండు పూటలా తింటున్నాను, రుచి మాట అడగకు. "మా నాన్నకు తెలివొచ్చిందా?" అనీ అడిగావు. తాతయ్య కళ్ళు తెరిచే ఉంటాయి, మనవైపు తిరగవు. చూపుడువేలు మాత్రం మంచం కమ్మీ మీద టకటకా కొన్ని దెబ్బలు కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతూ ఉంటుంది. "మీ తాతగారు తబలా వాయించేవారా ఏమిటి?" అంటుంది నర్సు.

తిండి పోయే గొట్టం తీసేయడానికి డాక్టరు నీకు పంపిన కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పి, నిన్న ఫోను పెట్టేశాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. ఆ కాగితం నా మాట వల్లే వచ్చిందమ్మా.

సోమవారం డాక్టరు నన్ను అడిగాడు. "రోజంతా పక్కనే ఉంటున్నావుగా, ఆ చప్పుడు ఒకేలా తిరిగొస్తోందా?"

"అవునండీ. ఒకటి, నాలుగు, ఒకటి, నాలుగు."

"అయితే నరాల అదురేనమ్మా. లోపల మనిషి లేడు."

ఆ క్షణాన వేలు ఆగిపోయింది. మర్నాడంతా కదలలేదు.

తాతయ్య నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. తొమ్మిదో తరగతిలో నాకెన్ని మొట్టికాయలు వేశాడో నీకు తెలుసు. "తొందరపిల్లా, నాలుగంకెలకే తీర్పు చెప్పకు. అకరణీయ సంఖ్యను దశాంశాల్లో రాస్తే ఎక్కడో ఆగుతుంది, లేదా పాత వరసే మళ్ళీ పట్టుకుంటుంది. కరణీయ సంఖ్య ఆగదు, పాత వరసనూ పట్టుకోదు" అనేవాడు.

బుధవారం మధ్యాహ్నం వేలు మళ్ళీ మొదలెట్టింది. ఈసారి రాసుకున్నాను. ఒకటి, నాలుగు, ఒకటి, నాలుగు, రెండు, ఒకటి, మూడు, ఐదు, ఆరు. అది రెండుకు వర్గమూలం, కరణీయ సంఖ్య. సోమవారం నేను నాలుగో అంకె దగ్గరే వినడం మానేశాను.

మూడుకు వర్గమూలం నేనే కమ్మీ మీద మొదలెట్టాను. ఒకటి, ఏడు, మూడు. ఆపాను. తాతయ్య చూపు పైకప్పు మీదే ఉంది. వేలు రెండుసార్లు కొట్టింది. ఆ తర్వాత చప్పుడు లేదు. వరండాలో చక్రాల కుర్చీ కిర్రుమంటూ వెళ్ళిపోయింది, అయినా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, రెండు తర్వాత అక్కడుండేది సున్నా, దానికి దెబ్బ ఉండదు.

తర్వాత ఐదు కొట్టాడు.

అంటే సోమవారం డాక్టరు అన్నదీ, నేను అవునన్నదీ, అన్నీ విన్నాడమ్మా. కాగితం చింపెయ్.

ఇట్లు,
నాలుగంకెలకే తీర్పు చెప్పిన నీ చిన్న కూతురు