ఎర్ర గుడ్డల వల

సూర్యలంక

చిరంజీవి నవ్యకు,

అమ్మ వేయి దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నాయనమ్మ క్షేమం. నువ్వు బాపట్ల నుంచి ఎత్తుకొచ్చిన కుక్కపిల్ల అందరికంటే క్షేమం, నిన్న ఆరబెట్టిన చేపల్ని లాక్కుపోయింది. నువ్వు అక్కడ వేళకు తింటున్నావని, భుజానికి నూనె రాసుకుంటున్నావని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. ఆదివారం మీ కోచ్ కరుణ మేడమ్ ఫోన్ నుంచి చేస్తే ఎత్తలేదని అలిగావు. ఎందుకు ఎత్తలేదో చెప్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనీ. ఏడో తరగతి చదువు నాది, వరస తప్పితే మళ్ళీ మొదటికొస్తాను.

పిచ్ పగిలిందా అని అడిగావు. పగల్లేదు. ఇసుకలో బంతి లేవడం లేదని నువ్వు ఏడిస్తే, మీ నాన్న వేమూరు పొలాల నుంచి జాన్ బాబు ట్రాక్టర్ మీద నల్లమట్టి తోలించాడు చూడు, ఆ రోజు మన వాడంతా నవ్వింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పుల్లమ్మ అత్త అందరిముందే అంది. ఆ మట్టి ఇప్పటికీ గట్టిగానే ఉంది. సాయంత్రం నీళ్ళు చల్లి, నీళ్ళు నింపిన డ్రమ్ము నేనే దొర్లిస్తున్నాను. అది నా మాట వినదు, తాగుబోతులా పక్కకు పోతుంది.

స్టంపుకు వేపనూనె రాశాను. విరిగిన తెడ్డును చెక్కి చేసిందే అయినా తెనాలి షాపులో కొన్నదానికంటే బాగుంది. ఆ షాపులో లెదర్ బాల్ ధర విని మీ నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ అరలో పెట్టేసిన సంగతి, బస్టాండు దాకా వచ్చి వెనక్కి పరిగెత్తి కొనుక్కొచ్చిన సంగతి నువ్వే నాకు చెప్పి నవ్వావు. సాక్సులో పెట్టి గుంజకు వేలాడదీసిన పాత బంతి గాలికి ఊగుతూనే ఉంది. నాయనమ్మకు అది నచ్చడం లేదు, తీసెయ్యమంటోంది. నేను తీయలేదు.

వల సంగతి రెండుసార్లు అడిగావు. వల ఉంది. సరుగుడు గుంజలకే బిగించి ఉంది. కాకపోతే మధ్యలో ఒకసారి వెళ్ళి వచ్చింది.

ఆ వలకు కట్టిన ఎర్ర గుడ్డల కోసం ఇంట్లో జరిగిన యుద్ధం నీకు గుర్తుండే ఉంటుంది. చీరాలలో ఇష్టపడి కొనుక్కున్న నా ఎర్ర నేతచీర. నేను చేపల బుట్టతో బాపట్ల వెళ్ళి వచ్చేసరికి తండ్రీ కూతుళ్ళు దాన్ని పీలికలు చేసి, స్టంపు ఎత్తు కొలుచుకుని, వలకు వరసగా కట్టేశారు. నేను రంకెలు వేస్తుంటే మీ నాన్న తల గోక్కుంటూ, “ఏంటే రత్తాలూ, చీరదేముంది, మళ్ళీ కొనుక్కోవచ్చు. బంతి ఎక్కడికి పోవాలో పాపకి కనపడాలిగా” అన్నాడు. ఆ పూట మీకు అన్నం పెట్టనన్నాను. ఇద్దరూ పోయి పరోటాలు తిని, నాకూ ఒక పొట్లం తెచ్చారు, సిగ్గులేనివాళ్ళు. అప్పటి నుంచి రోజూ నువ్వు ఆ గుడ్డలకు గురిపెట్టడం, బంతి వలకు తగిలి పడితే ఆయన నడుం నొప్పి అని మూలుగుతూ ఏరి నీకు విసరడం. చీకటిపడి బంతి కనపడకపోయేదాకా అదే పని.

నువ్వు క్యాంపుకు వెళ్ళాక మీ నాన్న వల ఒక పెద్ద బోటు కింద పడి ముక్కలైంది. బాగుచేసే తీరిక లేదు, చేప బాగా పడుతోందని అందరూ వెళ్తున్నారు. ఇంట్లో కూర్చుంటే ఆయనకు ఒళ్ళు నలతగా ఉంటుంది కదా. వెళ్ళి నీ వల విప్పాడు. “ఆ గుడ్డలన్నా విప్పయ్యా, చూసినోళ్ళు నవ్వుతారు” అన్నాను. “ఉండనీయే. విప్పితే మళ్ళీ ఆ కొలత దొరకదు. పాప వచ్చేలోపు కట్టేస్తాగా” అన్నాడు. ఆయన భుజాన వల వేసుకుని, వెనక ఎర్ర గుడ్డలు ఊగుతూ నడుస్తుంటే, పెళ్ళికొడుకులా పోతున్నావని నేనే నవ్వాను.

నవ్యా, పైన క్షేమం అని రాసినచోట మీ నాన్న పేరు లేదు. నువ్వు చూసే ఉంటావు. నాన్న లేడమ్మా.

ఈ ఒక్క మాట రాయడానికి ఇంత ఉత్తరం రాశాను. నోటితో అయితే అనలేను, అందుకే ఫోన్ ఎత్తలేదు. నీ గొంతు వింటే అబద్ధమూ చెప్పలేను, నిజమూ చెప్పలేను.

ఆయనా, గంగాధర్ బాబాయీ కలిసి వెళ్ళారు. గాలి ఒక్కసారిగా తిరిగి పడవ బోల్తా పడిందట. బాబాయి డీజిల్ డబ్బా పట్టుకుని తేలితే వేరే పడవ వాళ్ళు లాగారు. మీ నాన్న వాళ్ళకు కనపడలేదు. అందరూ వెతికారు. నేను మాత్రం ఏడవలేదు. ఈత వచ్చిన మనిషి, ఎక్కడో ఒడ్డున పడి ఉంటాడు, రానీ చెప్తాను అనుకుంటూ తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఒకరోజు బాపట్ల పోలీస్ స్టేషన్‌లో అడిగి బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాను. పక్కన ఒక అబ్బాయి, నేనెవరో తెలియదు వాడికి, ఫోన్‌లో ఫోటో చూపించి స్నేహితుడితో నవ్వుతున్నాడు. “రేపల్లె వైపు దొరికిందంటరా ఈ వల. ఎవరిదో కనుక్కోమని పెట్టారు. ఎర్రగుడ్డలు చూడు, చేపల్ని పెళ్ళికి పిలిచారేమో!” అన్నాడు. నేను వంగి చూశాను. అది నా చీర.

ఆ వల మాదేనని, తీసుకెళ్ళిన మనిషి ఇంకా రాలేదని వాడికి చెప్పాను. ఆ అబ్బాయే నన్ను ఇంటికి చేర్చాడు. దారి పొడుగునా “తెలియదత్తా, తెలియదత్తా” అని వాడూ ఏడ్చాడు.

రేపల్లె వాళ్ళు వలను మడిచి, ఆటోలో వేసి పంపారు. వల వచ్చింది, మనిషి రాలేదు. గుడ్డలన్నీ ఉన్నాయి, అడుగున నువ్వు యార్కర్ గుడ్డ అనేదానివే, అది తప్ప. ముడి అలాగే ఉంది, గుడ్డ చిరిగిపోయింది. ఆయన దాన్ని పట్టుకుని ఉంటాడని నాకనిపిస్తోంది. నిజమో కాదో ఎవరు చెప్తారు? పట్టుకునే ఉంటాడని అనుకుంటేనే నాకు కాస్త నిద్ర పడుతోంది.

ఇంకొకటి, ఇది వేరేవాళ్ళ నోట నీ చెవిన పడకముందే నేను చెప్పాలి. కూతురి ఆటకోసం కట్టిన వల పట్టుకుపోయాడు, అందుకే ఇలా అయిందని పుల్లమ్మ అత్త అంటోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ రోజు నా నోరు మంచిగా లేదు. తిరగబడింది పడవ, తిప్పింది గాలి, నా కూతురి ఆట ఏం చేసిందని వాడంతా వినేలా అరిచాను. నువ్వూ అదే మాట గుండెకు ఎక్కించుకో. నీ వల్ల కాదమ్మా. నీ వల్ల ఆయనకు జరిగింది ఒక్కటే, సముద్రం నుంచి వచ్చాక కూడా మనిషి ఉషారుగా ఉండేవాడు.

మనిషి దొరకలేదు కాబట్టి దర్భతో బొమ్మ చేసి కర్మ జరిపిద్దామని పెద్దలంటున్నారు. నా గాజుల మాట కూడా ఎత్తారు. పాప రావాలి, అప్పటిదాకా ఎవరూ నన్ను ముట్టుకోవద్దన్నాను.

ఈ ఉత్తరం మేడమ్ చేతికిచ్చేది గంగాధర్ బాబాయే. గేటు బయట నిలబడి ఉంటాడు. అన్నను వదిలి తానొక్కడూ ఒడ్డెక్కానని కుమిలిపోతున్నాడు, లోపలికొచ్చి నీ ముఖం చూడలేనన్నాడు. నువ్వే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకో. సెలక్షన్ మ్యాచ్ ఆడి వస్తావో, ఇప్పుడే బయలుదేరతావో నీ ఇష్టం. ఎలా వచ్చినా నీ కోసమే ఆగుతాం. బంతి మానేస్తాననే మాట మాత్రం ఈ గడప లోపలికి తీసుకురాకు.

నేను వలను మళ్ళీ గుంజలకు కట్టాను. ఆయన అన్నది నిజమే, గుడ్డల కొలత తప్పలేదు. అడుగు గుడ్డ చోటు ఖాళీగా ఉంచాను. చీరలో ఇంకా ముక్క మిగిలింది, నీ చేత్తో నువ్వే కట్టు.

నిన్న సాయంత్రం వల దగ్గర నిలబడి, బంతి తీసుకుని, నువ్వు పరుగు మొదలుపెట్టే చోటికి విసిరి చూశాను. సగం దూరంలోనే పడుతోంది. ఎంత విసిరినా అంతే. నేర్చుకుంటానులే. అప్పటిదాకా నువ్వే నాలుగడుగులు ముందుకొచ్చి తీసుకో తల్లీ.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అమ్మ